జీతం ఆగిన నెలల్లో డబ్బు ఎక్కడి నుంచి? బెంగళూరు కుటుంబానికి ఏడు దారులు, ఒక పోలిక

2024 మార్చిలో మా ఆయన ఉద్యోగం పోయింది. ఉదయం పదకొండున్నరకి మీటింగ్, ఒంటిగంటకల్లా లాప్‌టాప్ లాక్. ఆ రాత్రి మదనపల్లెకి ఫోన్ చేస్తే, ఎందుకు తీసేశారని మా మామయ్య అడగలేదు. "చేతిలో ఎన్ని నెలలకి ఉందమ్మా?" అన్నారు. నేను అప్పటికే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఎఫ్‌డీ (బ్యాంకులో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్) మీద అప్పు ఎనిమిది శాతం, పర్సనల్ లోన్ పదిహేను శాతం అని చదవబోతే మధ్యలోనే ఆపేశారు. "శాతాలొద్దు. నెలకి నూటికి ఎంతో చెప్పు."

ఆయనకి సంవత్సరం శాతాలు అర్థం కాక కాదు, వాటి మీద నమ్మకం లేక. ఊళ్ళో అప్పు లెక్కంతా రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ. రూపాయి వడ్డీ అంటే నెలకి నూటికి ఒక రూపాయి, ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. ఆ రాత్రి కాగితం తిప్పి అన్నిటినీ ఆ లెక్కలోకి మార్చి రాశాను. క్రెడిట్ కార్డు ఎదురుగా "మూడున్నర రూపాయలు" అని పడేసరికి మా ఆయన కార్డు తీసి బీరువాలో పెట్టేశాడు. ఏడాదికి 42 శాతం అన్నప్పుడు రాని భయం అప్పుడొచ్చింది.

ఏడు నెలల తర్వాత ఉద్యోగం దొరికింది. మారతహళ్ళి, మున్నెకొళాల చుట్టుపక్కల మనవాళ్ళలో ఈ మధ్య ఇదే పరిస్థితి వచ్చినవాళ్ళు ఫోన్ చేసి అడుగుతుంటే, ప్రతిసారీ చెప్పేది ఒకచోట రాస్తే మేలనిపించింది.

ముందు లెక్క, ఆ తర్వాతే అప్పు

మా నెల ఖర్చు 98 వేలు. పనమ్మాయిని ఒక పూటకి మార్చి, కారు తీయకుండా, బయటి తిండి మానేస్తే 71 వేలకి దిగింది. అంతకంటే దిగలేదు. అద్దె 30 వేలు, స్కూలు ఫీజు, కారు ఈఎంఐ మనం బతిమాలినా తగ్గేవి కావు. ఏడు నెలలకి దాదాపు ఐదు లక్షలు. కంపెనీ ఇచ్చింది 1 లక్షా 90 వేలు. మిగతా మూడు లక్షల పైచిలుకు ఎక్కడి నుంచి అన్నదే ప్రశ్న.

"మూడు నెలల్లో వచ్చేస్తుందిలే" అని అందరూ అంటారు. మూడు నెలలకి లెక్క వేసుకుంటే ఏ అప్పయినా తేలిగ్గానే కనిపిస్తుంది. ఆరేడు నెలలకి వేయండి. అప్పుడు వడ్డీ కంటే మరో రెండు విషయాలు పెద్దవవుతాయి. నెల నెలా కట్టాలా, లేక ఉద్యోగం వచ్చేదాకా ఆగొచ్చా? ఆలస్యమైతే ఏం పోతుంది, వస్తువా, పరువా, సిబిల్ స్కోరా (అప్పు తీర్చే తీరుకి వేసే మార్కు)? జీతం లేనివాడికి ముప్పావలా (75 పైసల) వడ్డీకి దొరికినా, వచ్చే నెల ఐదో తారీఖునే ఈఎంఐ మొదలయ్యే అప్పు పనికిరాదు.

| దారి | నెలకి నూటికి | చేతికి రావడానికి | నెల నెలా కట్టాలా? | ఆలస్యమైతే |
|---|---|---|---|---|
| ఇంటి అడ్వాన్స్‌లో అద్దె సర్దుబాటు | సున్నా | ఓనరు ఒప్పుకున్న రోజే | లేదు | ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తిరిగొచ్చేది తగ్గుతుంది |
| ఎఫ్‌డీ మీద ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్: ఎఫ్‌డీని హామీగా పెట్టి కావలసినప్పుడు వాడుకునే అప్పు) | 67 పైసలకి అటూ ఇటూ | ఒకటి రెండు రోజులు | ఈఎంఐ లేదు | ఎఫ్‌డీలోంచే కోసుకుంటారు |
| బంగారం, బ్యాంకులో | ముప్పావలా పైన | ఒక పూట | ఎంచుకున్న పద్ధతిని బట్టి | నోటీసు, తర్వాత వేలం |
| బంగారం, ఫైనాన్స్ కంపెనీలో | రూపాయి నుంచి రెండు | గంట | పద్ధతిని బట్టి | అదే |
| చీటీ పాడుకోవడం | పాటను బట్టి | జామీను దొరికాక | కట్టాలి | జామీనుదారు మెడకి చుట్టుకుంటుంది |
| పీఎఫ్ | అప్పు కాదు, వచ్చే వడ్డీ పోతుంది | రోజులు, ఒక్కోసారి నెలలు | లేదు | ముసలితనంలో తెలుస్తుంది |
| పర్సనల్ లోన్ | రూపాయి నుంచి రెండు | ఒకటి రెండు రోజులు | కట్టాలి | సిబిల్, ఫోన్లు |
| క్రెడిట్ కార్డు బాకీ | మూడు నుంచి మూడున్నర | వెంటనే | కట్టాలి | వడ్డీ మీద వడ్డీ |

చేబదులు ఈ పట్టికలో లేదు. దాన్ని గడుల్లో ఇరికించలేకపోయాను, తర్వాత చెబుతాను.

ఇంటి అడ్వాన్స్: మన డబ్బే, మరిచిపోతాం

బెంగళూరులో ఇల్లు అద్దెకి తీసుకున్న ప్రతివాడూ ఓనరుకి వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టే. ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్స్‌గా అడగడం ఇక్కడ మామూలు, ఇప్పుడు ఐదారు నెలలకి ఒప్పుకునేవాళ్ళూ ఉన్నారు. మేం ఇచ్చింది ఆరు నెలలది, 1 లక్షా 80 వేలు.

మొదట చిన్న ఇంటికి మారిపోదాం అనుకున్నాం. 30 వేల ఇంటి నుంచి 18 వేల ఇంటికి వెళ్తే ఆరు నెలల్లో 72 వేలు మిగులుతుంది కదా. ఖర్చులు రాయడం మొదలుపెట్టాం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోత, 30 వేలు. కొత్త ఇంటికి బ్రోకర్‌కి ఒక నెల అద్దె, 18 వేలు. సామాన్లు మార్చడానికి పదివేలు. మొత్తం 58 వేలు పోతే ఆరు నెలలకి మిగిలేది 14 వేలు. పిల్లాడి స్కూల్ బస్సు రూటు మారితే అదీ ఉండదు. అడ్వాన్సుల తేడా కూడా చేతికొస్తుంది, నిజమే. కానీ పాత ఓనరు తిరిగి ఇచ్చేలోపు కొత్త ఓనరుకి కట్టాలి, అదొక టెన్షన్.

ఇల్లు మారే బదులు మూడో నెలలో నేనే కిందికి వెళ్ళి మా ఓనరు ఆంటీని అడిగాను. ఆవిడ వరండాలో సొప్పు (ఆకుకూర) తుంచుతూ కూర్చున్నారు. విషయం చెప్పి, రెండు నెలల అద్దె అడ్వాన్స్‌లోంచి పట్టుకోమన్నాను. చేతిలో కాడలు పక్కన పెట్టి, కన్నడం కలిసిన తెలుగులో "ఎరడే తింగళా (రెండే నెలలా)? మూడోది అడగకూడదమ్మా" అన్నారు. అదే రాత్రి వాట్సాప్‌లో రాసి పంపాను: జూన్, జూలై అద్దె మొత్తం 60 వేలు అడ్వాన్స్‌లోంచి, మిగిలిన అడ్వాన్స్ 1 లక్షా 20 వేలు. ఆవిడ బొటనవేలి గుర్తు పెట్టారు. మాటగా వదిలేయకండి. ఖాళీ చేసే రోజు ఆంటీ ఉండకపోవచ్చు, వాళ్ళబ్బాయి ఉండొచ్చు.

ఇల్లు మారడం ఎవరికి లాభమంటే, ఏడాది దాటి కష్టం సాగేలా ఉన్నవాళ్ళకి, పిల్లలు స్కూలుకి వెళ్ళనివాళ్ళకి. ఒంటరిగా ఫ్లాట్‌లో ఉండే కుర్రవాళ్ళయితే ఆలోచించే పనే లేదు, పీజీకి మారిపోండి.

ఎఫ్‌డీ: పగలగొట్టకండి, దాని మీద తీసుకోండి

కష్టం రాగానే ఎఫ్‌డీ బద్దలుకొట్టడం మనకి అలవాటు. మధ్యలో తీస్తే చాలా బ్యాంకులు అర శాతం నుంచి ఒక శాతం దాకా కోస్తాయి. పైగా మొదట చెప్పిన రేటు ఇవ్వరు, డబ్బు ఎన్నాళ్ళుందో ఆ కాలానికుండే రేటే ఇస్తారు.

అదే ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ అడిగితే మొత్తంలో దాదాపు 90 శాతం దాకా ఇస్తారు. ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ వడ్డీ, అదీ వాడుకున్న డబ్బుకే, వాడిన రోజులకే. 7 శాతం ఎఫ్‌డీ మీద 8 శాతానికి లక్ష తీసుకుని ఆరు నెలలు ఉంచితే వడ్డీ 4,000. ఆ లక్ష మీద మీకు వచ్చే వడ్డీ ఎలాగూ 3,500. చేతి నుంచి పోయేది 500. మేం మా మూడు లక్షల ఎఫ్‌డీ మీద లక్షన్నర ఇలాగే తీసుకున్నాం, అదీ ఒకేసారి తీయకుండా నెలకింత.

పన్ను ఆదా కోసం వేసిన ఐదేళ్ళ ఎఫ్‌డీకి ఇది వర్తించదు. దాన్ని మధ్యలో తీయనివ్వరు, దాని మీద అప్పూ ఇవ్వరు. సర్టిఫికెట్ మీద చూసుకోండి.

బంగారం

ఇది మనవాళ్ళలో సగంమందికి మొదటి దారి, మిగతా సగంమందికి ప్రాణం పోయినా తొక్కని దారి. మా అత్తయ్య రెండో రకం. "కుదువ పెట్టిన బంగారం ఇంటికి తిరిగిరాదు" అంటారు. ఆవిడ అనుభవం వడ్డీ వ్యాపారి అరుగు మీది అనుభవం, అది అబద్ధం కాదు.

బ్యాంకులో మాకు ఇలా జరిగింది. నగలు చూసే ఆయన ముందు నెక్లెస్ తీసుకుని గీటురాయి మీద రుద్ది, చుక్క ఆసిడ్ వేసి చూశారు. తర్వాత తూకం. 31 గ్రాములు చూపించింది. రాళ్ళకీ లక్కకీ ఐదు గ్రాములు తీసేసి 26 అని రాశారు. పెళ్ళిలో మేం 31కి డబ్బు కట్టిన నగ అది. నెక్లెస్ సంచిలో వేసుకుని, రాళ్ళు లేని రెండు గాజులు ఇచ్చాను. 22 గ్రాములు నికరం, లక్ష అప్పు, ముప్పావలా వడ్డీ. అప్పుకి పెట్టేటప్పుడు సాదా నగలే పెట్టండి, రాళ్ళ నగకి విలువ రాదు.

అప్పట్లో విలువలో 75 శాతమే పరిమితి. 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, 2026 ఏప్రిల్ 1 నుంచి రెండున్నర లక్షల లోపు అప్పుకి 85 శాతం దాకా, ఐదు లక్షల లోపు 80 శాతం దాకా, ఆపైన 75 శాతం. అసలూ వడ్డీ ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతి ఎంచుకుంటే ఆ వడ్డీని కూడా ఈ పరిమితిలోనే లెక్కేస్తారు, కాబట్టి చేతికి కాస్త తక్కువ వస్తుంది. అయినా జీతం లేని ఇంటికి ఈ పద్ధతే సరైనది. నెల నెలా కట్టక్కర్లేదు. బాకీ తీర్చాక ఏడు పనిదినాల్లో నగ తిరిగివ్వకపోతే రోజుకి ఐదువేల చొప్పున వాళ్ళే మీకు కట్టాలన్న నిబంధన కూడా అందులోనే ఉంది.

ఇంకో చిన్న కిటుకు. నాలుగు నగలు పెట్టాల్సివస్తే ఒకే అప్పుగా వద్దు, రెండు వేర్వేరు అప్పులుగా పెట్టమనండి. చేతిలోకి కొంత డబ్బు రాగానే ఒక పొట్లం విడిపించుకోవచ్చు. ఒకే పొట్లమైతే మొత్తం తీరేదాకా అన్నీ లోపలే.

ఫైనాన్స్ కంపెనీలో గంటలో పని అయిపోతుంది, కానీ వడ్డీ ఎక్కువ. రాత్రికి రాత్రి ఆస్పత్రిలో కట్టాలంటే అక్కడికే వెళ్ళండి, తప్పులేదు. తీరిగ్గా ఉన్నప్పుడు మాత్రం బ్యాంకు క్యూలో నిలబడండి.

చీటీ

మా పక్క ఫ్లాట్ వాళ్ళది ఐదు లక్షల చీటీ, 25 నెలలు, నెలకి 20 వేలు. ఎనిమిదో నెలలో వాళ్ళాయన ఉద్యోగం పోయింది. లక్ష తగ్గించి పాడుకుంటే నాలుగు లక్షలొస్తాయి, గండం గట్టెక్కుతామనుకున్నారు.

ఇక్కడ రెండు చిక్కులు. ఒకటి, పాట పాడినవాడికి డబ్బు ఇవ్వాలంటే కంపెనీ జామీను అడుగుతుంది, అదీ జీతం వచ్చేవాళ్ళది. మీ జీతం ఆగిందని తెలిసాక సంతకం పెట్టే స్నేహితుడు దొరకడం కష్టం. రెండు, ఆ తర్వాత 17 నెలలు కట్టాల్సిందే. తగ్గించిన లక్షలోంచి, మొత్తం చీటీ ఐదు లక్షల మీద నూటికి ఐదు చొప్పున పాతికవేలు కంపెనీ కమీషన్ పోతే (2019 సవరణ తర్వాత చట్టం ఏడు దాకా ఒప్పుకుంటుంది) మిగతా 75 వేలు 25 మందికి పంచితే తలా మూడువేలు. అంటే ఆ నెల కట్టుబడి 17 వేలు. జీతం లేని ఇంట్లో నెల నెలా 17 వేలో, ఇంకా ఎక్కువో!

అందుకే నా మాట: ఇంట్లో ఇంకొకరి జీతం ఉండి, చీటీ సగం దాటిపోయి ఉంటే పాడుకోండి. ఒక్క జీతం మీద నడిచే ఇల్లయితే వద్దు. రిజిస్ట్రేషన్ లేని అపార్ట్‌మెంట్ చీటీ అయితే ఆ మాట కూడా చెప్పను.

పీఎఫ్

మేం అప్లై చేయాలనుకుని ఆగిపోయాం. తెలివితో ఆగలేదు, పాత కంపెనీవాళ్ళు ఉద్యోగం మానిన తేదీ పోర్టల్‌లో నింపలేదు, అదే మమ్మల్ని ఆపింది. హెచ్ఆర్‌కి నాలుగు మెయిళ్ళు పెట్టాం, జవాబు లేదు. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆ తేదీని మనమే నింపుకోవచ్చని ఆలస్యంగా తెలిసింది. అప్పటికి గాజుల మీద డబ్బు తెచ్చుకున్నాం, ఇక పీఎఫ్ జోలికి పోలేదు.

ఇప్పుడనిపిస్తుంది, మంచిదే అయిందని. 2024-25కి పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. ఇదే రేటు సాగుతుందనుకుంటే ఈ రోజు తీసిన మూడు లక్షలు పాతికేళ్ళలో 21 లక్షలు దాటేవి. పైగా మొత్తం ఐదేళ్ళ సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడుతుంది. 2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు నిబంధనలు మార్చాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం ప్రకారం ఉద్యోగం పోతే 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, మిగతా పాతిక శాతానికి ఏడాది ఆగాలి. ఇదివరకు రెండు నెలలకే మొత్తం ఊడ్చేసుకునేవాళ్ళు.

అయినా ఒకరికి మాత్రం పీఎఫ్ తీయమనే చెబుతాను. కార్డు మీద మూడున్నర రూపాయల బాకీ పేరుకుపోయి, ఎఫ్‌డీ, బంగారం రెండూ లేనివాళ్ళకి. 69 పైసలు సంపాదించే డబ్బుని కాపాడుకుంటూ మూడున్నర రూపాయలు కట్టడం అర్థంలేని పని.

పర్సనల్ లోన్, కార్డు

క్లుప్తంగా చెబుతాను. జీతం స్లిప్ లేకుండా మామూలుగా బ్యాంకు పర్సనల్ లోన్ ఇవ్వదు. నోటీసు పీరియడ్‌లోనే విషయం దాచి తీసేసుకునేవాళ్ళున్నారు, వచ్చే నెలే ఈఎంఐ మొదలవుతుంది, చేసిన తెలివి అక్కడితో సరి. "ఫ్లాట్ 12 శాతమే" అన్నారంటే అది రూపాయి వడ్డీ అనుకోకండి. ప్రతి నెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం అసలు మీదే వేస్తారు, నిజం లెక్కలో అది రూపాయి ముప్పావలాకి అటూ ఇటూగా తేలుతుంది.

కార్డులో "మినిమమ్ డ్యూ" కడితే ఫోన్లు రావు, అంతవరకే. మిగిలిన బాకీ మీద వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, కొత్తగా కొన్న పాలపాకెట్ మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ. బీరువాలో పెట్టిన మా కార్డు రెండో నెలలో స్కూల్ ఫీజు కోసం బయటికొచ్చింది. 38 వేలు. ఆ ఏడు నెలల్లో మేం చేసిన తప్పు అదొక్కటే, అది వదిలించుకోవడానికి ఓడీలోంచి తీసి కట్టాం.

చేబదులు

వడ్డీ లేదు. కాగితం లేదు. మా బావగారు అడగకుండానే యాభై వేలు పంపిస్తానన్నారు. తీసుకోలేదు. ఆయనకి ఇద్దరాడపిల్లలు, పై సంవత్సరం పెద్దదాని కాలేజీ. మనకి ఉద్యోగం ఆలస్యమైతే ఆయన అడగలేరు, మనం ఇవ్వలేం, పండక్కి ఊరెళ్తే అందరూ మామూలుగానే మాట్లాడుతూ ఉంటారు.

తీసుకోక తప్పకపోతే బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఇరవై వేలు, ఆపైన అప్పుని నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఊళ్ళో ప్రో-నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్ళు మాత్రం అది చేబదులని అనుకోకండి. మూడేళ్ళలో నోటు తిరగరాసేటప్పుడు వడ్డీ అసలులో కలుస్తుంది.

మీరు ఏ ఇంట్లో ఉన్నారు?

ఇద్దరూ సంపాదిస్తూ ఒకరిది పోయిందా? అప్పు దాకా వెళ్ళకుండా ఒక జీతంలో ఇల్లు నడుపుతూ, లోటుకి మాత్రం ఎఫ్‌డీ ఓడీ వాడండి. సొంత ఫ్లాట్ హోమ్ లోన్ నడుస్తోందా? కిస్తీ తప్పకముందే బ్యాంకుకి వెళ్ళి గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని అడగండి. తప్పాక అడిగితే వినే పద్ధతి మారిపోతుంది. ఊళ్ళో పెద్దవాళ్ళకి మందులకి పంపాల్సిన ఇల్లయితే ఆ డబ్బుని ఆరు నెలలకి సరిపడా ముందే పక్కన పెట్టి, మిగతాదానితో లెక్క మొదలుపెట్టండి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆరోగ్య బీమా ఒక ఎత్తు. కంపెనీ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. వెళ్ళేలోపే అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మార్చమని అడిగితే, ఇదివరకటి కాలం వెయిటింగ్ పీరియడ్‌లో కలిసే అవకాశం ఉంటుంది. మేం కట్టినప్పుడు ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత పాలసీల మీద అది తీసేశారు. చేతిలో డబ్బు ఎంత తక్కువున్నా మొదటి చెక్కు దీనికే రాయమంటాను. అప్పుల లెక్కంతా ఒక్క ఆస్పత్రి బిల్లుతో తలకిందులవుతుంది.

ఉద్యోగం వచ్చాక

అక్టోబరులో ఆఫర్ వచ్చింది, మొదటి జీతం నవంబరు చివర. ముందు ఓడీ తీర్చాలా, గాజులు తేవాలా అని ఇంట్లో వాదన. లెక్క ప్రకారం గాజులే ముందు, ఓడీ 67 పైసల కంటే గాజుల ముప్పావలా వడ్డీ ఎక్కువ కదా. మా ఆయన మాత్రం "బంగారం ఎక్కడికీ పోదు, బ్యాంకులో భద్రంగానే ఉంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. సంక్రాంతికి ముందు బ్యాంకుకి వెళ్ళాను. పొట్లం మీద సీలు, నా సంతకం చూపించి కత్తిరించారు. గాజులు వేసుకునే ముందు మళ్ళీ తూకం వేయమన్నాను. 22 గ్రాములు.